కారు తల ముందు రావాలి

శనివారం పొద్దున్న సత్యనారాయణమూర్తిగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. గరాజ్‌లో ఉన్న పాత కారుని అద్దెకి తెచ్చిన ట్రైలర్ మీద ఎక్కించాలి. ఆ ట్రైలర్‌ని తన పెద్ద బండికి తగిలించుకుని, తాముండే వెర్రిబీ నుంచి జీలాంగ్ అవతల కూతురు కట్టుకున్న కొత్తింటికి వెళ్లి, పదకొండున్నర ముహూర్తానికి ముందే కారుని వాళ్ల గరాజ్‌లో పెట్టేయాలి. గంట ప్రయాణం. ఇందులో తప్పు జరగడానికి ఏముంది? ముప్పై ఏళ్లు వంతెనలకి లెక్కలు కట్టిన ఇంజనీరు ఆయన. ఆయన వంతెనల మీద రోజూ వేల లారీలు నిక్షేపంగా వెళ్తున్నాయి. ఆ లారీల్లో సామాను ఎలా సర్దాలో మాత్రం ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆ సంగతి ఆయనకి కూడా ఎప్పుడూ తట్టలేదు.

ఆ కారు ఆయన ఈ దేశం వచ్చిన కొత్తలో కొన్న మొదటి కారు. మామిడిపండు రంగు. కూతురు లిఖిత డ్రైవింగ్ నేర్చుకున్నది అందులోనే. నేర్చుకున్నది అనడం కూడా సరికాదు. మూడో పాఠం నాడు నాలుగు రోడ్లు కలిసే రౌండెబౌట్ మధ్యలో బండి ఆగిపోతే, పక్క సీట్లోంచి మూర్తిగారు "క్లచ్! క్లచ్!" అని పెట్టిన కేకలకి చుట్టుపక్కల కార్లవాళ్లు కూడా ఉలిక్కిపడి క్లచ్ తొక్కారు. పిల్ల మాట్లాడకుండా తలుపు తీసుకుని దిగి, ఇంటికి నడుచుకుంటూ వచ్చేసింది. తర్వాత ఇంకెవరి దగ్గరో నేర్చుకుంది. చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ సవ్యంగా జరిగాయి. తండ్రితో మాటలు మానలేదు గానీ, ఆ రోజు నుంచీ ఆయన్ని ఫలానాది కావాలని ఒక్కసారి కూడా అడగలేదు. పదహారేళ్లయింది. మూర్తిగారికి ఆ బాధ లోపల ఉంది. పైకి చెప్పే మనిషి కాదు గనక కారుకి రిజిస్ట్రేషన్ గడువు తీరి రోడ్డు మీద నడపడానికి వీల్లేకపోయినా అమ్మకుండా గరాజ్‌లో గుడ్డ కప్పి ఉంచారు.

పోయిన నెల లిఖిత ఫోన్ చేసింది.

"నాన్నా, మన ఓల్డ్ కార్ నాకిచ్చేస్తావా? గృహప్రవేశం రోజే తెచ్చెయ్యి. కొత్త గరాజ్‌లో పెట్టుకుంటా."

"చూద్దాంలే" అన్నారు మూర్తిగారు బింకంగా. ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి వెళ్లి, గుడ్డ తీసి, ఆ కార్లో చాలాసేపు కూర్చున్నారు. ఆ సాయంత్రమే కొత్త బ్యాటరీ తెచ్చారు. పిల్ల నోరు తెరిచి అడిగింది. ఆకాశం విరిగి మీద పడ్డా సరే, ఆ కారు ముహూర్తం వేళకి అక్కడ ఉండాల్సిందే. ఈ విషయంలో ఆయన భార్య శేషుకుమారి చూపించిన ఉత్సాహం చూసి ఆయనే ఆశ్చర్యపోయారు. ఆవిడ వారం రోజులుగా గరాజ్‌లో కొలతల టేపు పట్టుకుని తిరుగుతోంది. కారు వెడల్పు చూస్తోంది కాబోలు అనుకున్నారాయన.

పొద్దున్న కారు ముందు చక్రాలు ట్రైలర్ వాలు పలకల మీద పెట్టారో లేదో, "ఆగు!" అని వినిపించింది. మూర్తిగారి అక్కయ్య ఉదయలక్ష్మి. సిడ్నీలో, కెల్లీవిల్‌లో ఉంటుంది. రిటైరైన కాన్పుల డాక్టరు. మేనకోడలి గృహప్రవేశానికని ముందు రోజే దిగింది.

"ఒరేయ్ సత్యం, మూతి ముందుకి పెట్టి ఎక్కిస్తున్నావేవిట్రా? అక్కడ దింపేటప్పుడు వెనక్కి దిగుతుంది కదా!"

"ట్రైలర్ మీంచి వెనక్కే దిగాలి అక్కయ్యా. అందరూ అలాగే దింపుతారు."

"అందరి సంగతి నాకెందుకు? శుభమా అని పిల్ల కొత్తింట్లో అడుగు పెడుతుంటే, పుట్టింటి కారు వీపు చూపించుకుంటూ దిగుతుందా? ముప్పై అయిదేళ్లు కాన్పులు చేశానురా నేను. ఏదైనా సరే తల ముందు రావాలి. కాళ్లు ముందొచ్చాయంటే ఇంక చూసుకో, కేసంతా గడబిడే."

శేషుకుమారి పాలగిన్నె పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. "ఏవండీ, నేనొకటి చెప్పనా?" అంది.

"ఇప్పుడు కాదు శేషూ!" అని కసిరారు మూర్తిగారు. పుట్టి బుద్ధెరిగాక అక్కయ్య మాట కాదనడం ఆయన వల్ల కాలేదు. కారుని దింపి, తిప్పి, వెనక్కి నడిపి ఎక్కించారు. ఇప్పుడు కారు డిక్కీ ముందుకీ, ఇంజన్ ఉన్న మూతి ట్రైలర్ తోకవైపుకీ వచ్చాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. ట్రైలర్ ముందు కడ్డీ మీద ఒక స్టికర్ అంటించి ఉంది. మొత్తం బరువులో పదో వంతు, లాగే బండి వెనక ట్రైలర్ తగిలించే ఇనప బంతి మీద పడాలని దాని సారాంశం. మూర్తిగారు అది చదివి జాలిగా నవ్వారు.

"చూశావా అక్కయ్యా, లెక్కలు రానివాళ్ల కోసం రాశారు. నా బండి నడుం మీద నూట ఎనభై కిలోలు ఊరికే మోపడం దేనికి? బరువంతా చక్రాల మీద సమంగా నిలబడితే చాలు. దాన్నే సమతూకం అంటారు."

కారుని అంగుళం అటూ, అంగుళం ఇటూ జరిపి, కట్లు బిగించి, చివరికి ట్రైలర్ మూతి కింద చూపుడు వేలు పెట్టి పైకెత్తారు. అది పూచికపుల్లలా లేచింది. ఉదయలక్ష్మి చప్పట్లు కొట్టింది. మూర్తిగారు ఆ ఫొటో కూడా తీయించుకున్నారు. ఆ ఫొటో ఇప్పటికీ బంధువుల ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

ఊళ్లో నడిచినంతసేపు బండి పెళ్లికొడుకులా నెమ్మదిగా నడిచింది. ఫ్రీవే ఎక్కి ఎనభై దాటేసరికి వెనక ఏదో ఒయ్యారం మొదలైంది. ముందు సీట్లో ఉన్న ఉదయలక్ష్మి పక్క అద్దంలోకి చూసింది.

"ఒరేయ్, నీ కారు నాకు కుడివైపు కనిపిస్తోందిరా. ఇప్పుడు ఎడమవైపు కనిపిస్తోంది."

"గాలి అక్కయ్యా."

అంతలో ఒక పెద్ద లారీ పక్కనుంచి దాటింది. ట్రైలర్ దాని వెంటే పోతానన్నట్టు అటు లాగింది, మళ్లీ ఇటు విసిరింది. తోక బరువుకి ట్రైలర్ ఊగుతుంటే, దాన్ని పట్టుకుని ముందు బండి కూడా ఊగింది. వెనక సీట్లో శేషుకుమారి పాలగిన్నెని పసిపిల్లలా గుండెకి హత్తుకుంది. పులిహోర డబ్బా మీద కాలు పెట్టి ఆపింది.

"ఏవండీ, నేనొకటి..."

"నోరు మూసుకో శేషూ! అక్కయ్యా, అద్దంలో చూడకు! ఆ వెనకవాడు హారన్ కొట్టడం ఆపమను!" అని మూర్తిగారు అందరి మీదా ఒకేసారి అరిచారు. మొత్తానికి మెల్లగా వేగం తగ్గించి, లిటిల్ రివర్ దగ్గర రోడ్డు పక్కనున్న పెట్రోల్ బంకు వెనక, లారీలు ఆపుకునే ఖాళీ స్థలంలోకి బండి తిప్పారు. దిగి చూస్తే మామిడిపండు కారు ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

అల్లుడు భార్గవ్‌కి ఫోన్ చేశారు. భార్గవ్ మంచివాడు, కానీ అటు పురోహితుడు పిలుస్తున్నాడు, ఇటు హోమగుండం పొగకి ఇంట్లో ఫైర్ అలారం మోగుతోంది.

"చెప్పండి మామయ్యగారూ. ఊగుతోందా? ముందు బరువు కావాలా? ఓకే, ఓకే, గ్రూప్‌లో పెడతాను. మనవాళ్లంతా అదే దారిలో వస్తున్నారు."

పెట్టాడు. కంగారులో ట్రైలర్ అన్న మాట ఒక్కటే మర్చిపోయాడు. గృహప్రవేశం వాట్సాప్ గ్రూప్‌లో పడిన సందేశం ఇదీ: "మామయ్యగారు లిటిల్ రివర్ బంకు దగ్గర ఆగిపోయారు. బాగా ఊగుతోంది. అర్జెంట్. దారిలో ఉన్నవాళ్లు ఆగండి. బరువు కావాలి."

ముందు ముగ్గురు డాక్టర్లు వచ్చారు. వాళ్లు "బాగా ఊగుతోంది" దాకా చదివి బయల్దేరినవాళ్లు. ఒకావిడ మూర్తిగారిని బలవంతంగా కూర్చోబెట్టి చేతికి బీపీ పట్టీ చుట్టింది.

"నాకేం లేదమ్మా! ట్రైలర్‌కి వచ్చింది!"

"అలాగే అంటారు అంకుల్. మాట్లాడకండి. రెండొందలుంది మీ బీపీ."

"నువ్వు వదిలితే తగ్గుతుంది!"

ఆ వెనక ఇంజనీర్లు వచ్చారు. మన సభల్లో వాళ్లకి కొరత ఎక్కడుంది! పట్టు పంచెల్లో, కుర్తాల్లో పన్నెండు మంది ట్రైలర్ చుట్టూ మూగారు. సివిల్ ఉన్నారు, ఎలక్ట్రికల్ ఉన్నారు, కెమికల్ ఉన్నారు, మిగతావాళ్లంతా సాఫ్ట్‌వేర్. మెకానికల్ చదివినవాడు ఒక్కడే ఉన్నాడు, అతను కూడా ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు. అందరూ వంగి కింద చూశారు. అందరూ తలలు పంకించారు. టైర్లలో గాలి తగ్గించాలని ఒకరు, పెంచాలని ఒకరు వాదించుకున్నారు.

కాలేజీలో కొలతలూ తూకాల మీద పాఠాలు చెప్పే ప్రొఫెసర్ రామచంద్రగారు గొంతు సవరించుకున్నారు. "ముందు కొలవాలండీ. కొలవకుండా మాట్లాడకూడదు."

కొలవడానికి ఏముంది? గృహప్రవేశానికి ఎవరో బహుమతిగా తెస్తున్న, మనుషులు బరువు చూసుకునే బాత్రూమ్ తూకం మిషన్ దొరికింది. రంగు కాగితం చింపారు. ట్రైలర్ మూతిని బండి నుంచి విడదీసి దాని మీద ఆనించారు. మూడు కిలోలు చూపించింది.

"ఎంత ఉండాలి?" అన్నారెవరో.

"నూట ఎనభై" అన్నారు మూర్తిగారు నేలచూపులు చూస్తూ. స్టికర్ ఆయన మొహంలోకి చూస్తోంది.

"అయితే ఇంకేం, ముందు బరువు పెట్టేద్దాం!" అన్నారు పన్నెండు మందీ ఏకకంఠంతో. డిక్కీ ముందుకే ఉంది కదా. బియ్యం బస్తాలు వచ్చాయి. భోజనాలకని తెస్తున్న కందిపప్పు వచ్చింది. రెండు బస్తాల కొబ్బరికాయలు వచ్చాయి. ఎవరో కానుకగా తెస్తున్న వెట్ గ్రైండర్ రాళ్లతో సహా వచ్చింది. గ్రూప్‌లో ఆలస్యంగా చదివినవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు, వచ్చినవాళ్లంతా చేతిలో ఏదో ఒకటి మోసుకునే వస్తున్నారు. మాట సాయం చేసేవాళ్లే ఎక్కువగా ఉండే మనవాళ్లలో ఇంత మంది బరువు మోయడం మూర్తిగారు ఎన్నడూ చూడలేదు. డిక్కీ నిండింది. వెనక సీటు నిండింది. మిగిలినవి ట్రైలర్ ముందు కడ్డీ మీద తాళ్లతో కట్టారు.

తూకం మిషన్ ఒకసారి మెరిసి, అంకెలు ఇవ్వడం మానేసింది. ట్రైలర్‌ని మళ్లీ బండికి తగిలించేసరికి బండి వెనక భాగం కుయ్యిమని కుంగింది, ముందు భాగం లేచింది. సామాను గొడవలో దిగకుండా ముందు సీట్లోనే కూర్చున్న ఉదయలక్ష్మి కిటికీలోంచి కేక వేసింది.

"ఒరేయ్ సత్యం! నాకు రోడ్డు కనపడ్డం లేదురా! ఆకాశం కనిపిస్తోంది!"

అప్పుడు మూర్తిగారు ఒక బియ్యం బస్తా మీద కూలబడ్డారు. ఫోన్ మోగింది. లిఖిత.

"నాన్నా, వేర్ ఆర్ యూ? పంతులుగారు ఇంకో గంటే ఉంది అంటున్నారు. యూ ఓకే? కార్ అక్కడే వదిలేసి మీరు వచ్చెయ్యండి, ఇట్స్ ఫైన్."

ఇట్స్ ఫైన్. పదహారేళ్లుగా ఆ పిల్ల అంటున్నది అదే మాట. ఫీజు కట్టనా అంటే ఇట్స్ ఫైన్, ఇంటికి సాయం చేయనా అంటే ఇట్స్ ఫైన్. ఇవాళ అడిగిన ఒక్కటీ ఇవ్వలేకపోతే మళ్లీ ఎప్పుడు అడుగుతుంది? ఆయన కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ఇంజనీర్లందరూ మర్యాదగా టైర్ల వైపు చూశారు.

శేషుకుమారికి ఒళ్లు మండింది. పాలగిన్నె తెచ్చి తూకం మిషన్ మీద ఠప్పున పెట్టింది. మిషన్ రెండు కిలోలు చూపించింది.

"పొద్దున్నించీ ఒకటి చెప్పనా, ఒకటి చెప్పనా అని అడుగుతున్నాను. ఇప్పుడు అడగను, చెప్తాను. వదినా, కడుపులో బిడ్డ ఎదురు తిరిగి ఉంటే మీరు ఏం చేసేవారు?"

ఉదయలక్ష్మి ఆకాశంలోంచి కిందికి దిగింది. "వీలైతే చేత్తో సవరించి తల కిందికి తిప్పేదాన్ని. నా చెయ్యి మంచిదని పేరు."

"మరి ఈ కారుని దింపాక తిప్పితే ఏవైంది? ఇంజన్ ముందుకి పెట్టి ఎక్కిద్దాం. బరువు దానంతటదే ముందు పడుతుంది. లిఖిత వాళ్ల ముందు స్థలంలో ఇంకా గడ్డి కూడా వెయ్యలేదు, ఖాళీగానే ఉంది. అక్కడ వెనక్కి దింపి, గుండ్రంగా తిప్పి, తల ముందు పెట్టి గరాజ్‌లోకి పంపిద్దాం. గుమ్మం దాటేది తలే కదా?"

పన్నెండు మంది ఇంజనీర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేనూ అదే అనబోతున్నానండీ" అన్నారు ప్రొఫెసర్ రామచంద్రగారు.

ఉదయలక్ష్మి కాసేపు ఆలోచించింది. "తిప్పొచ్చు. గుమ్మంలోకి తల వస్తే చాలు, మధ్యలో ఏ తిప్పలు పడ్డా ఎవరూ అడగరు" అని తీర్పు చెప్పింది.

సామానంతా దింపి మూర్తిగారి బండిలో కుక్కారు. ఎవరిది ఏదో చూసుకునే తీరిక ఎవరికీ లేదు. కారు దిగింది, తిరిగింది, మూతి ముందుకి పెట్టి ఎక్కింది. మూర్తిగారు స్టికర్ ఎదుట గొంతుక్కూర్చుని, అక్షరం అక్షరం చదువుకుంటూ కారుని జరిపించారు. మిషన్‌ని బతిమాలి మళ్లీ వెలిగిస్తే నూట డెబ్భై అయిదు చూపించింది. ట్రైలర్ మూతిని వేలితో ఎత్తబోయారు. కదల్లేదు. దాని చేత అలా మొండికేయించడానికి ఇంత రాద్ధాంతం జరిగిందన్నమాట! ఫ్రీవే మీద ఈసారి ఎన్ని లారీలు దాటినా ట్రైలర్ తిన్నగా వెంట వచ్చింది. మూర్తిగారు మళ్లీ నవ్వింది జీలాంగ్ దాటాకే.

ఇంటి ముందు లిఖిత పట్టుచీరలో ఎదురుచూస్తోంది. మట్టి నేల మీదకి కారు వెనక్కి దిగుతున్నంతసేపూ ఉదయలక్ష్మి కళ్లు గట్టిగా మూసుకుంది. కారుని తిప్పాల్సిన సమయానికి మూర్తిగారు తాళం చెవి చేతిలో పట్టుకుని ఆగారు. తర్వాత కూతురి వైపు చాపారు.

"నువ్వే నడుపమ్మా. నీ కారు."

లిఖిత ఆయన వైపు ఒక్క క్షణం చూసి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. మూర్తిగారు పక్క సీట్లో కూర్చున్నారు. కారు కదిలి, రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది. క్లచ్. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మూర్తిగారు రెండు పెదాలూ బిగించి, సీటు కింద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న మామిడి తోరణాన్ని తీవ్రంగా చూశారు. లిఖిత మళ్లీ స్టార్ట్ చేసింది. మళ్లీ ఆగింది. మూర్తిగారి మొహం టమాటాలా ఎర్రబడింది గానీ నోట్లోంచి చప్పుడు లేదు. మూడోసారి కారు చక్కగా తిరిగి, తల ముందు పెట్టుకుని, మేళం లేకపోయినా రాజాలా గరాజ్‌లోకి నడిచింది.

ఇంజన్ ఆపి లిఖిత అలాగే కూర్చుంది. "నాన్నా, యూ డిడ్న్ట్ షౌట్."

"బాగానే నడుపుతున్నావు కదమ్మా."

"నిజం చెప్పనా? కోప్పడవు కదా? అమ్మ అడగమంది నాన్నా. గరాజ్ ఖాళీ అయితే అక్కడ సెకండ్ కిచెన్ పెట్టుకుంటుందట, పోపు వాసన ఇంట్లోకి రాకుండా. నేను అడిగితే నువ్వు కాదనవని. నెక్స్ట్ వీక్ దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం అనుకున్నా."

మూర్తిగారికి కొలతల టేపు గుర్తొచ్చింది.

"ఇప్పుడు ఎవ్వరికీ ఇవ్వను" అంది లిఖిత స్టీరింగ్ మీద చెయ్యి రాస్తూ. "సండేస్ రా. రిజిస్ట్రేషన్ చేయిద్దాం. రౌండెబౌట్ నాకింకా సరిగ్గా రాదు, నువ్వు నేర్పించాలి."

"వస్తా" అన్నారు మూర్తిగారు. బయట పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని కేకలు పెడుతుంటే ఇద్దరూ నవ్వుకుంటూ పరిగెత్తారు. పాలు పొంగాయి, భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. ముగ్గురు డాక్టర్లు తినబోయే ముందు మరోసారి మూర్తిగారి బీపీ చూసి ఆశ్చర్యపోయారు.

సాయంత్రం బయల్దేరబోతుంటే ఉదయలక్ష్మి ట్రైలర్ వైపు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేవిట్రా, గృహప్రవేశం ఇంటి నుంచి ఖాళీ బండి వెళ్తుందా? శుభం జరిగిన చోటి నుంచి వట్టి చేతులతో కదలకూడదు."

భార్గవ్ మొహం చాటంత అయింది. "ఉండండి మామయ్యగారూ, పాత అద్దింటి సామాను కొంత ఉంది. మా దగ్గర చోటు లేదు, మీ గరాజ్ ఎలాగూ ఖాళీ అయింది కదా!" అని లోపలికి దూకాడు. సోఫా వచ్చింది. ట్రెడ్‌మిల్ వచ్చింది. రెండు మంచాలు వచ్చాయి. ఎవరూ తిరిగి అడగని బియ్యం బస్తాలూ, కొబ్బరికాయలూ ఎలాగూ ఉన్నాయి.

శేషుకుమారి మొహంలో రంగులు మారాయి. "ఏవండీ, నేనొకటి చెప్పనా?" అంది.

మూర్తిగారు చేస్తున్న పని వదిలేసి, చేతులు కట్టుకుని, ఆమె ఎదుట నిలబడ్డారు. "చెప్పు శేషూ. ఇవాళ్టి నుంచి నువ్వేం చెప్పినా పూర్తిగా వింటాను. గరాజ్ గురించేనా?"

అల్లుడు చూస్తున్నాడు, ఆడపడుచు చూస్తోంది. గరాజ్ గుమ్మంలోంచి కూతురు నవ్వు ఆపుకుంటూ చూస్తోంది.

"ఏం లేదులెండి" అంది శేషుకుమారి.

సామాను మాత్రం ఈసారి మూర్తిగారు స్టికర్‌లో రాసినట్టే సర్దించారు, బరువు చక్కగా కుదిరింది.